వారానికి రెండు పేజీలు

బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లో మేడమీద ఉన్న ఆ కాఫీ దుకాణంలోకి అడుగుపెట్టగానే, తలుపు దగ్గర కూర్చున్న కాలేజీ అమ్మాయి లేచి నిలబడింది. "ఆంటీ, మీ పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చారా?" అని హిందీలో ఎంతో మర్యాదగా అడిగింది.

"లేదమ్మా, నేనే వచ్చాను. బత్తఖ్ సాబ్ మీటింగు ఇక్కడే కదా?" అన్నాను.

లోపల బల్లల చుట్టూ ఉన్న పదిమంది తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. అందరూ ఇరవైల్లో వాళ్ళే. ఒకళ్ళిద్దరికి ముప్పై ఉంటాయేమో. నాకు నలభై మూడు. ఆదివారం కదా అని మంచి చీరే కట్టుకున్నాను గాని గోళ్ళ చుట్టూ ఎర్ర ఎనామిలు అలాగే ఉంది. కిరసనాయిలు పెట్టి ఎంత రుద్దినా అది పోదు. ఎవరూ కుర్చీ చూపించలేదు. నేనే ఒకటి లాక్కుని మధ్యలో కూర్చున్నాను. కాసేపు చూసి మొహమాటపడి వెళ్ళిపోతుందనుకుని ఉంటారు. వెళ్ళలేదు.

నేను ఊరి చివర తిఫ్రాలో లారీ బాడీలు కట్టే షాపులో పెయింటర్ని. లారీల వెనక అక్షరాలు, పక్కల పువ్వులు, నెమళ్ళు, ముందు అద్దం పైన ఓనరు పిల్లల పేర్లు రాయడం నా పని. మా నాన్న రైల్వేలో పెయింటరు. పెట్టెల మీద నంబర్లు, స్టేషన్ల పసుపు బోర్డుల మీద ఊళ్ళ పేర్లు రాసేవాడు. బొబ్బిలి వైపు నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబం మాది. క్వార్టరు అరుగు మీద పలక ఇచ్చి కూర్చోబెట్టి తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ నాచేత దిద్దించాడు. అర్థం తరవాత తెలుస్తుంది, ముందు గీత సరిగ్గా రావాలనేవాడు. నా ఈడు బిలాస్‌పూర్ తెలుగువాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడ్డం వచ్చు గాని చదవడం రాదు. నాకు వచ్చిందంటే ఆ పలక వల్లే.

జపాన్ బొమ్మల కథలు నాకు కాలు విరిగి దొరికాయి. మూడేళ్ళ కిందట ట్యాంకరు పక్కన వేసుకున్న చెక్క జారి కిందపడ్డాను. రెండు నెలలు మంచం. ఫోను అటూ ఇటూ జరుపుతుంటే ఒక బొమ్మ కనిపించింది. వాన పడుతున్న రోడ్డు, ఖాళీ బస్టాపు. అంతా నలుపూ తెలుపే. ఇరవై ఏళ్ళుగా డబ్బాలకి డబ్బాలు రంగులు పూస్తున్నాను. ఒక్క నల్ల ఇంకుతో అంత తడి ఎలా తెచ్చారో నాకు అర్థం కాలేదు. ఎవరు గీశారో వెతుక్కుంటూ వెళ్తే కథ దొరికింది. ఇంగ్లీషులో ఉంది. ఒక్కో బుడగలో మాటలు కూడబలుక్కుని, రాని మాటలు ఫోన్నే అడిగి చదివాను. కట్టు విప్పేసరికి ఆ మనిషి రాసినవన్నీ చదివేశాను.

ఆ మనిషి ఆడో మగో కూడా ఎవరికీ తెలీదు. తన ఫొటో ఇవ్వాల్సిన చోటల్లా కళ్ళజోడు పెట్టుకున్న ఒక బాతుని గీసి ఇస్తాడు. అందుకే మన హిందీ అభిమానులు బత్తఖ్ సాబ్ అంటారు, బాతుగారు అని. మొదటిది ఊరూరా తిరిగి గడియారాలు బాగుచేసే పిల్ల కథ. రెండోది చెవిటి పహిల్వాను కథ. మూడోది అగ్నిపర్వతం కింద ఊళ్ళో బస్సు నడిపే ముసలమ్మ కథ. మూడూ వారపత్రికలో వారం వారం ఏళ్ళ తరబడి నడిచినవే, మూడోది అప్పటికింకా నడుస్తోంది. అక్కడ పత్రికలో చాలా కథలు ఒకేసారి నడుస్తాయట. ఏది నచ్చిందో పాఠకులు రాసి పంపుతారట. అడుగున పడిపోయిన కథని మొహమాటం లేకుండా ఆపేస్తారట. ఆ పోటీలో ఒక్కసారి నిలబడితేనే గొప్ప. ఈ బాతు మూడుసార్లు నిలబడింది. ఆ రోజు మీటింగు దాని గురించే.

సీపత్ పవర్ ప్లాంటులో ఇంజనీరుగా చేస్తున్న కుర్రాడొకడు లేచి హిందీలో దంచేస్తున్నాడు. "మొదటిది అదృష్టం. తరవాత రెండూ పేరు. పేరొచ్చినవాడు పిచ్చిగీతలు గీసినా పత్రికవాళ్ళు ముందు పేజీలో వేస్తారు. మూడు హిట్లూ ఒకే హిట్టు కింద లెక్క." చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఇంకొకడు, ఫార్ములా దొరికిందంతే, అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పేరు మొదటి వారం చదివిస్తుంది భయ్యా. ముప్పయ్యో వారం ఎవరు చదివిస్తారు?" అన్నాను.

"అలవాటు," అన్నాడు నవ్వుతూ.

"అయ్యో రామా!" అనేశాను తెలుగులో.

అతను గబుక్కున చూశాడు. "మీరు తెలుగా మేడమ్? మాది కరీంనగర్ దిక్కు."

ఇంక మా వాదన తెలుగులోకి దిగింది. తక్కినవాళ్ళు పింగ్‌పాంగ్ చూస్తున్నట్టు అటూ ఇటూ తలలు తిప్పారు. తలుపు దగ్గర అమ్మాయిదీ రైల్వే తెలుగు కుటుంబమే. ఆ పిల్లకి సగం అర్థమై, సగం పక్కవాళ్ళకి హిందీలో చెబుతోంది.

"గట్ల కాదు మేడమ్. బొమ్మలు గీసుడు ఆయన డ్యూటీ. మనం రోజూ డ్యూటీకి పోతలేమా? గదే ఇది కూడా."

"డ్యూటీకి వెళ్ళి మనం నిన్న చేసిన పనే ఇవాళ చేస్తాం. ఆయన నిన్నటి పని ఇవాళ చేస్తే పత్రికలోంచి తీసేస్తారు."

"మీరు బాగ ఎమోషనల్ అయితున్నరు."

గొంతు తగ్గించి అడిగాను. "నువ్వు ఎన్ని వారాలు గీయగలవు బాబూ? అంత పెద్దది వద్దు. వారానికి రెండే పేజీలు. నీ సొంత కథ. ఆదివారం మధ్యాహ్నానికి మన వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆర్నెల్లు."

"నాకు గీయరాదు."

"కర్రబొమ్మలు గీయి. కథ ముఖ్యం."

అందరి ముందూ అడిగాను కదా, కాదనలేకపోయాడు. "చేస్త. ఏముంది అండ్ల?" అన్నాడు. కాలేజీ అమ్మాయి తనూ చేస్తానంది. మరో ముగ్గురు చేతులెత్తారు. మొత్తం ఆరుగురం. గెలిస్తే ఏమిటి, ఓడితే ఏమిటి అన్నది ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టింది. నాన్న పోయాక ఉన్నది మేమిద్దరమే.

"ఏటే, చిన్నపిల్లల్తో పందేలు కాస్తన్నావా?"

"కాస్తన్నాను."

"ఏటి కథ మరి?"

అది నాకూ తెలీదు. మొదటి వారం చచ్చిపోయాను. లారీ మీద బొమ్మ అంటే ఒక్కటే. నెమలి ఒక్కసారి పురి విప్పితే చాలు, లారీ ఉన్నన్నాళ్ళూ విప్పుకునే ఉంటుంది. కథలో నెమలి కాలు కదపాలి, తిరగాలి, వెనక నుంచి కనపడాలి. నెమలిని వెనక నుంచి నేను జన్మలో గీయలేదు. పొద్దున్నే అయిదింటికి లేచి, పాలవాడు వచ్చేలోపు పేజీలో ఒక బొమ్మ పెట్టె, షాపుకి బయల్దేరేలోపు ఒక పెట్టె. అలా శనివారానికి రెండు పేజీలయ్యాయి. గూడ్సు బండి చివర గార్డు పెట్టెలోకి దూరిన ఒక కోడి కథ. కోడి ఉందని గార్డుకి తెలీదు. బండి బయల్దేరింది. అంతే.

బుడగల్లో మాటలు ముందు పెన్సిలుతో తెలుగులో రాసుకున్నాను. నాకు మాట పుట్టేది అందులోనే. అమ్మ చదివాక, చెరిపి ఇంకుతో హిందీ రాసి గ్రూపులో పెట్టాలని.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివింది. రెండు పేజీలకి పావుగంట పట్టింది.

"బాగులేదు," అంది.

"ఎందుకూ?"

"కోడి ఎక్కింది, బండి కదిలింది. నాకేటి? ఆ కోడికి ఇంటికాడ గుడ్లున్నాయి, పొదుగుతున్నాది, తెలీక ఎక్కీసింది అను. అప్పుడు నేను వచ్చేవారం చూస్తాను."

మా అమ్మ మామూలు మనిషి కాదని నాకు ఆ రోజే తెలిసింది. పెళ్ళయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచి ఇరవై ముప్పై ఏళ్ళు తెలుగు వారపత్రికల్లో సీరియళ్ళు ఒక్కటి వదలకుండా చదివిన మనిషి. విశాఖ వైపు నుంచి వచ్చే బండిలో పత్రిక కట్ట దిగితే, ప్లాట్‌ఫారం మీద పుస్తకాల దుకాణం అతను అమ్మ కోసం ఒకటి పక్కన పెట్టేవాడు. బండి లేటయితే అమ్మకి ఆ రోజు అన్నం సయించేది కాదు. ఏ వారం రచయిత ఒళ్ళు దాచుకున్నాడో, ఏ వారం పేజీలు నింపడానికి వర్ణనలు పెట్టాడో పట్టేసేది. జపాన్‌లో ప్రతి బొమ్మల రచయిత వెనకా ఒక ఎడిటరు ఉంటాడట, నచ్చకపోతే తిప్పి కొడతాడట. నాకు వంటింట్లోనే దొరికింది.

గుడ్లు పెట్టాను. గ్రూపులో ఇరవై రెండు లవ్ గుర్తులు వచ్చాయి.

మూడో వారానికి ముగ్గురు ఆగిపోయారు. ఒకడు ఫోను పాడైందన్నాడు, ఇంకొకడు తీరిక లేదన్నాడు, మూడోవాడు గ్రూపులోంచే వెళ్ళిపోయాడు. సీపత్ ఇంజనీరు కర్రబొమ్మలతో మొదలుపెట్టిన కథ నిజానికి బాగుండేది. చిమ్నీ మీద కాపురం ఉండే ఒక మనిషి. అయిదో వారం ఒకే పేజీ పెట్టాడు. ఆరో వారం, ప్లాంటులో యూనిట్ ఆపి రిపేర్లు చేస్తున్నారు, డ్యూటీ పన్నెండు గంటలు, నావల్ల కాదు, అని రాశాడు. ఎగతాళి చెయ్యాలని వేళ్ళు దురద పెట్టాయి గాని ఊరుకున్నాను. పదకొండో వారం కాలేజీ అమ్మాయి పరీక్షలని ఆగింది. ఆగే ముందు నాకు విడిగా మెసేజ్ పెట్టింది. అంతవరకూ ఆంటీ అనే పిల్ల, ఆ రోజు దీదీ అని రాసింది.

తరవాత నేనొక్కదాన్నే.

దసరా ముందు అయితే షాపులో ఊపిరాడదు. ప్రతి ఓనరూ పండక్కి బండి కొత్తగా మెరవాలంటాడు. ఆ వారం ఆరు లారీలు వరసగా నిలబడ్డాయి. కాగితాలు షాపుకే తీసుకెళ్ళాను. ఒక లారీకి మొదటి పూత ఆరేలోపు ఇంకో లారీ ఫుట్‌బోర్డు మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని గీశాను. మణికట్టు వాచిపోయింది. ఎడం చేత్తో కుడిచేతిని పట్టుకుని గీతలు లాగాను. ఆ వారం కోడి కొంచెం వంకరగా ఉంది. అయినా ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి గ్రూపులో ఉంది.

ఈ లోపల కోడి నా చెయ్యి దాటిపోయింది. గ్రూపులో ఎవరో బయటికి పంపితే డ్రైవర్ల ఫోన్లలో తిరిగింది. షాపుకి వచ్చినవాళ్ళు, "దీదీ, కోడి ఎక్కడిదాకా వెళ్ళింది? ఝార్సుగుడా దాటిందా?" అని అడిగేవారు. షాపు యజమాని, మా సేఠ్, మొదట ఒక లారీ వెనక కోడిని వేయించాడు. తరవాత నాలుగింటికి. ఆపైన వచ్చిన ప్రతివాడూ కోడి కావాలన్నాడు. నెమళ్ళు మూలపడ్డాయి. గార్డు టోపీ పెట్టుకుని నవ్వుతున్న కోడిని ఎన్నిసార్లు వేశానో నాకే తెలీదు. నా కథలో ఆ కోడి ఒక్కసారి కూడా నవ్వలేదు. అది గుడ్ల కోసం ఏడుస్తూ తిరిగే కోడి.

ఇరవై ఆరో వారం వచ్చింది. కోడి మళ్ళీ తన ఊరి స్టేషన్లో దిగింది. గుడ్లు లేవు. పిల్లలు పెద్దవై చెత్తకుప్ప దగ్గర తిరుగుతున్నాయి. తల్లిని గుర్తుపట్టలేదు. కోడి వాటి పక్కనే గింజలు ఏరుకోవడం మొదలుపెట్టింది. అక్కడ ఆపేశాను. కింద 'అయిపోయింది' అని రాశాను.

గ్రూపులో గోలెత్తిపోయింది. పిల్లలు గుర్తుపట్టాలి కదా అని ఒకరు, కోడి మళ్ళీ బండెక్కాలని ఒకరు. సీపత్ ఇంజనీరు ఫోనే చేశాడు.

"అక్కా, ఆపకుండ్రి. నేను ఒప్పుకుంట, మీరు గెలిచిండ్రు. కానీ దొరికింది కదా మీకు! దొరికినదాన్ని ఎవరన్న ఇడిచిపెడ్తరా? ఇంకోటి మొదలుపెడితే ఎవరు సూస్తరు?"

"పేరొచ్చింది కదా నాకు. పేరుంటే చాలని నువ్వేగా అన్నావు?"

"గది వేరే అక్కా," అన్నాడు.

"వేరే ఎందుకయింది? చూద్దాం ఉండు."

సోమవారం షాపులో సేఠ్ మొహం మాడ్చుకుని ఉన్నాడు. "కోడిని చంపేశావట?"

"చంపలేదు సేఠ్‌జీ. దిగిపోయింది. ఇంక లారీల మీద కూడా వెయ్యను. కావాలంటే ఇంకో పెయింటరుతో వేయించుకోండి. నెమలి చెప్పండి, పులి చెప్పండి, గులాబీలు చెప్పండి, వేస్తాను." ఇరవై ఏళ్ళలో అతనికి నేను వెయ్యనని చెప్పడం అదే మొదలు. గొణుక్కున్నాడు. ఆ సాయంత్రం వచ్చిన లారీకి పులి చెప్పాడు.

రెండో కథ నా బుర్రలో చాన్నాళ్ళుగా ఉంది. ఒకే రైల్వే క్వార్టరులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అన్నదమ్ములనే చేసుకున్నారు కాబట్టి ఒకే ఇంటికి వచ్చారు. ఒక గది వాళ్ళది, ఒక గది వీళ్ళది. వంటిల్లు మధ్యలో సుద్దగీత. పదకొండేళ్ళు మాటల్లేవు. గీతకి ఇటు ఒక పొయ్యి, అటు ఒక పొయ్యి.

శనివారం రెండు పేజీలు అమ్మ ముందు పెట్టాను. మొదటి పెట్టె చూడగానే అమ్మ కళ్ళజోడు తీసేసింది.

"ఇది నన్నూ మా అక్కనీ చూసి గీసేవా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "అవునమ్మా."

"ఎవులడిగేరు నిన్ను?"

"ఎవరూ అడగలేదు. నేను ఆ గీత దాటితే నువ్వు వీపు మీద కొట్టేదానివి. పెద్దమ్మ పెట్టిన బెల్లం ముక్క ఉమ్మించేదానివి. ఆ వంటింట్లో నేనూ ఉన్నాను. అది నాది కూడా."

అమ్మ లేచి వెళ్ళిపోయింది. కాగితాలు బల్లమీద అలాగే ఉన్నాయి. నేను పెన్సిలు చెరిపి హిందీ రాసి, ఆదివారం మధ్యాహ్నం గ్రూపులో పెట్టాను.

నాలుగు గుర్తులు వచ్చాయి. రెండో వారం మూడు. మూడో వారం ఎవరో కోడి బొమ్మ పెట్టి కన్నీళ్ళ గుర్తు పెట్టారు. అమ్మ ఇంట్లో మామూలుగానే మాట్లాడేది, కూర ఏం వండాలి, గ్యాసు ఎప్పుడొస్తుంది. శనివారం మాత్రం కాగితాల వైపు చూసేది కాదు. ఎడిటరు లేకుండా గీయడం ఏమిటో అప్పుడు తెలిసింది. బాగుందో లేదో చెప్పేవాళ్ళు లేరు. ఎక్కడ ఒళ్ళు దాచుకున్నానో నాకే తెలీడం లేదు. మానేద్దామా అని ఒక్కసారి కూడా అనుకోలేదంటే అబద్ధం. నాలుగో వారం గురువారం నాడు కాగితం కూడా తియ్యలేదు. శుక్రవారం పొద్దున్న మొండికేసి కూర్చున్నాను. చూసేవాళ్ళు చూస్తారు, లేకపోతే లేదు, నేను మాత్రం పెడతాను, అనుకున్నాను. ముగ్గురు చూసినా ముగ్గురికీ ఆదివారం ఆదివారమే.

ఏడో వారం శనివారం నేను వంటింట్లో ఉండగా అవతల గదిలోంచి అమ్మ గొంతు వినబడింది.

"మా అక్క ఇలగ నవ్వదే."

వచ్చి చూస్తే బల్ల ముందు నిలబడి ఉంది, కాగితం ముక్కుకి ఆనించుకుని.

"దాని ముందు పళ్ళు రెండూ ఎడంగా ఉంటాయి. నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటాది. నీకు గుర్తులేదా? చెయ్యి గియ్యి."

గీశాను. అమ్మ కూర్చుంది. పేజీ తిప్పింది.

"కుళాయికాడ నా బకెట్టు జరిపీసిందని మాటలు మానీసినట్టు గీసేవు."

"అదే కదమ్మా జరిగింది? కాలనీ అంతా అదే చెప్పుకునేవారు."

"బకెట్టు కోసం ఎవులైనా పదకొండేళ్ళు మాటాడకుండా ఉంటారేటి?" అంది. ఆ తరవాత చెప్పింది, నా మొహం చూడకుండా, కాగితం చూస్తూ. పెద్దమ్మ కూతురికి సంబంధం చూడ్డానికి విజయనగరం నుంచి వచ్చారట. అమ్మ అప్పుడే పొయ్యి అలికి, మసి చేతులతో, పాత చీరలో ఉందట. మంచినీళ్ళు తెచ్చి ఇస్తే, ఈవిడెవరని వాళ్ళలో ఒకావిడ అడిగిందట. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి, "పన్లో సాయానికి వస్తాది" అందట.

"సొంత చెల్లిని. గ్లాసులు పట్టుకుని అలగే నిలబడిపోయేను. వంటింట్లోకి వచ్చి సుద్ద తీసుకున్నాను. మీ నాన్నకి కూడా చెప్పలేదు."

అమ్మ చేతిలో కాగితం తీసుకుని, "ఇది గీయనులేమ్మా," అన్నాను.

"ఎందుకు గియ్యవు? గియ్యి. గ్లాసులు ఆరు. ఇత్తడి ట్రే. ఆవిడ ముక్కుకి రెండు వైపులా పుడకలు. అన్నీ గియ్యి." అమ్మ పెన్సిలు నా వైపు తోసింది. "ఇన్నాళ్ళూ నేను నోరు మూసుకున్నాను. కాలనీ అంతా నన్ను బకెట్టు కోసం దెబ్బలాడే మనిషనుకున్నాది. తెలియనీ."

ఆ వారం పేజీలకి ఎన్ని గుర్తులొచ్చాయో చూసుకోలేదు. కాలేజీ అమ్మాయి మాత్రం పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టింది. మాట్లాడుతూ మధ్యలో ఏడ్చింది. వాళ్ళ నాయనమ్మకి తెలుగైతేనే చదవడం వచ్చు, బుడగల మీద తెలుగు చీటీలు అంటించి ఫొటో తీసి పంపు దీదీ, అని అడిగింది. పంపాను. ఆ ఫొటో ఎటు తిరిగి ఎటు వెళ్ళిందో, రెండు వారాల తరవాత రాయగడలో ఉన్న మా పెద్దమ్మ దగ్గరికి చేరింది. పెద్దమ్మకి ఎనభై. పెదనాన్న రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కచెల్లెళ్ళు మొహాలు చూసుకుని చాలా ఏళ్ళయింది.

పెద్దమ్మ వాయిస్ నా ఫోనుకి వచ్చింది. ముందు దగ్గింది. తరవాత అరిచింది. "ఏటే, నన్నంత లావుగా గీసేవు? నేనెప్పుడైనా అంత లావుగా ఉన్నానా? నేను ఆ మాట అన్లేదు. అన్నాననుకో, భయపడి అన్నాను. ఆళ్ళు కట్నం పెంచీస్తారని... మసి మొహంతో వొచ్చీసింది, నేనేటి చెయ్యను? ఆ బకెట్టు మాత్రం నాదే. కావాలంటే మీ అమ్మనడుగు. అడుగున సొట్ట ఉంటాది. నా పుట్టింటోళ్ళిచ్చింది."

అమ్మ రెండుసార్లు వింది. మూడోసారి ఫోను చెవికి ఆనించుకుని వింది.

"దాని పుట్టింటోళ్ళూ నా పుట్టింటోళ్ళూ వేరేటి?" అంది. "అబద్ధాలకోరు. సొట్ట ఉన్నది నాది."

అదే మాట పెద్దమ్మకి పంపమంది. పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది, అది ఇంకా పెద్దది. అలా ఇద్దరూ నా ఫోను మీద అయిదు నెలలుగా తిట్టుకుంటున్నారు. క్షమించమని ఒకరనలేదు, ఫరవాలేదని ఒకరనలేదు. ఒక్కో తిట్టులోంచి నాకు రెండు పేజీలు దొరుకుతున్నాయి. ముప్పయ్యో వారం దాటింది. కథ ఇంకా ఆ క్వార్టరు వదల్లేదు.

కోడికి వచ్చినంతమంది దీనికి రాలేదు, రారు కూడా. క్రమం తప్పకుండా చదివేవాళ్ళు నలభైమంది ఉంటారేమో. చాలామంది ఆడవాళ్ళు. ఇంజనీరు ఒకసారి గ్రూపులో, దీన్ని హిట్ అనలేము అక్కా, అని రాశాడు. అనకు, అని రాశాను. అనకపోతే మానె, ఆరునెలల కోడి కథ తరవాత నన్ను కోడి దీదీ అనేవాళ్ళు ఇప్పుడు సుద్దగీత దీదీ అంటున్నారు. మొన్న ఆదివారం పేజీ పది నిమిషాలు ఆలస్యమైతే అందరికన్నా ముందు, ఎక్కడ, అని అడిగింది అతనే.

ఈ మధ్యే బత్తఖ్ సాబ్ ముసలమ్మ బస్సు కథ ముగించి నాలుగోది మొదలుపెట్టాడు. మొదటి అధ్యాయం వచ్చిన ఆదివారం మళ్ళీ అందరం రాజ్‌కిశోర్ నగర్‌లో కలిశాం. ఈసారి కుర్చీ నా కోసం ఖాళీగా ఉంది. కథ ఉప్పు తయారుచేసేవాళ్ళది. ఇరవై ఏడు పేజీల్లో మనుషులు ఉప్పు పోగుచేయడం తప్ప ఇంకేమీ జరగలేదు.

"అయిపోయిండు మీ బాతు," అన్నాడు ఇంజనీరు. "మీరే చెప్పుండ్రి అక్కా, దిల్ పే హాత్ రఖ్ కే, గుండె మీద చెయ్యేసుకోని. నచ్చిందా?"

"నచ్చలేదు," అన్నాను. అందరూ నా వైపు చూశారు. సమర్థిస్తాననుకున్నారు. "ఒక్క ముక్క కూడా నచ్చలేదు. ఉప్పు మడుల మీద ఎండ బాగా గీశాడు. కథ లేదు."

"అచ్ఛా, మరి?"

"మరేమిటి? అంత పేరు పెట్టుకుని, పాతవాటిలో ఏదో ఒకటి మళ్ళీ గీస్తే అందరూ చప్పట్లు కొడతారని తెలిసి, ఉప్పు గీశాడు. బాగోకపోతే తీసేస్తారు. తీసేస్తే ఇంకోటి గీస్తాడు. వచ్చే ఆదివారం రెండోది వస్తుంది. నేను చదువుతాను."

కాలేజీ అమ్మాయి, తను మళ్ళీ మొదలుపెట్టానని, పరీక్షలైపోయాయని చెప్పి సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. బల్ల మీద అందరం వంగి చూశాం. గీతలు తడబడ్డాయి. ఒక పెట్టెలో మనిషికి మూడు చేతులున్నట్టుంది. ఇంజనీరు నవ్వబోయాడు. నేను అతని మోచెయ్యి పక్కకి తోసి, పెన్సిలు తీసుకుని, ఆ మూడో చెయ్యి ఏదో ఆ పిల్లని అడగడం మొదలుపెట్టాను.